నయం లేని వీరం: మన్యం పోరాట కథనాలలో అడవి యుద్ధం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజును గురించిన జీవితచరిత్రలు, నాటకాలు, బుర్రకథలు, చలనచిత్రాలు ఈ మూడు పోలీసు ఠాణాల ముట్టడిని తప్పనిసరి ఘట్టంగా స్వీకరించాయి. తెలుగు పాఠకునికి ఈ పేర్లు పద్యపాదంలాగా వరుసతో సహా నోటికి వస్తాయి. ఆ వరుసలో దాగిన యుద్ధార్థాన్ని మాత్రం కథనాలు అంతగా పట్టించుకోలేదు. చింతపల్లి కొండల మీద ఉంది. కృష్ణదేవిపేట కొండల దిగువన ఉంది. రాజవొమ్మంగి నాటి విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ దాటి గోదావరి ఏజెన్సీలో ఉంది. మొదటి ఠాణా నుండి కబురు జిల్లా కేంద్రానికి చేరి, అక్కడి నుండి ఉత్తర్వు వెలువడి, పొరుగు జిల్లా అధికారులు మేల్కొనేలోపున మూడవ ఠాణా కూడా ఖాళీ అయింది. ఇవి మూడు సాహసాలు కావు, ఒకే పథకానికి మూడు అంచెలు. వీరగాథ సాహసాలను నిలుపుకొని పథకాన్ని జారవిడిచింది.

ఈ జారవిడుపు యాదృచ్ఛికమైనది కాదు. కథనరూపాల స్వభావంలోనే దానికి కారణం ఉంది. చరిత్రకారులు మన్యం పోరాటంలోని ఆర్థిక, సామాజిక, సైనిక పార్శ్వాలను దశాబ్దాల క్రితమే చర్చించారు. మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో వెలువడిన స్వాతంత్ర్యోద్యమ పత్రాల సంపుటాలు మూలాధారాలను అందుబాటులోకి తెచ్చాయి. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం-రంప తిరుగుబాట్లను 1839 నుండి 1924 వరకు ఒకే పరంపరగా చూపించారు. 1984లో అట్లూరి మురళి మన్యం తిరుగుబాటును ప్రత్యేకంగా విశ్లేషించారు. జె. మంగమ్మ ప్రభుత్వ పత్రాల ఆధారంగా రాజు జీవితాన్ని రచించారు. సాహిత్య విమర్శ ఈ పరిశోధనను దేశభక్తి, గిరిజన జీవిత చిత్రణ అనే రెండు కోణాలలో వినియోగించుకుంది. అడవిలో ఒక చిన్న దళం ఇరవై నెలలకు పైగా ఎలా నిలిచింది, ఏమి తిన్నది, గుండ్లు ఎక్కడివి, శత్రువు కదలికలు దానికెలా తెలిశాయి అన్న ప్రశ్నలను చరిత్రకారుల సొత్తుగా వదిలివేసింది. నిజానికి అవి కథనశాస్త్ర ప్రశ్నలు కూడా. ఏ వివరం చెబుతారు, దేనిని దాటవేస్తారు అన్నదానిని బట్టే కథలో ఎవరు కర్తలవుతారో, ఎవరు గుంపుగా మిగిలిపోతారో తేలుతుంది.

మొదట పేరు సంగతి. రంప ప్రాంతంలో జరిగిన తిరుగుబాట్లకు పాలకుల కాగితాలలో స్థిరపడిన మాట పితూరీ. ఫారసీ-ఉర్దూ మార్గంలో వచ్చిన ఈ మాటకు కల్లోలం, అలజడి అన్న అర్థచ్ఛాయలున్నాయి. జానపదుల వ్యవహారంలోకి దిగిన తరువాత అది కొంత మెత్తబడింది. 1879-80 నాటి రంప పితూరీ అన్నప్పుడు నేటి పాఠకునికి అందులో నింద వినిపించదు. కాని ఆ మాటలో ఒక భౌగోళిక కల్పన మిగిలే ఉంది. పితూరీ జరిగే చోటు ప్రభుత్వపు ఇంటిలోపలిది. అలజడి చేసేవాడు లోపలివాడు, అణచేవాడు యజమాని. పోరాటం, యుద్ధం అన్న మాటలు రెండు పక్షాలను, వాటి మధ్య ఒక గీతను కల్పిస్తాయి. తెలుగు రచయితలు పితూరీని విడిచి విప్లవం, పోరాటం అన్న మాటలను చేపట్టడం రాజకీయంగా సరైన నిర్ణయమే. అయితే మాట మార్చినవారు గీత ఎక్కడ ఉన్నదో మాత్రం చెప్పలేదు.

అడవి యుద్ధాన్ని గురించిన ప్రపంచ సాహిత్యంలో ఈ గీతకు చాలా ప్రాముఖ్యం ఉంది. శత్రువు గీత దాటి వెనుకకు చొచ్చుకొనిపోయి, అతని దారులను తెంచి, అడవిలోనే వారాల తరబడి తిరిగే సుదూర దళాల కథ రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగంలో రూపుదిద్దుకుంది. ఆర్డ్ వింగేట్ నాయకత్వంలో 1943 ఫిబ్రవరిలో చిండ్విన్ నది దాటిన చిండిట్ దళంలో దాదాపు 3 వేల మంది ఉన్నారు. సుమారు 800 మంది తిరిగి రాలేదు. 1944 మార్చిలో మరింత పెద్ద బలగం విమానాలలో వెళ్ళి జపాను సేనల వెనుక దిగింది. ఆ నెలలోనే వింగేట్ విమాన ప్రమాదంలో మరణించాడు. తెలుగు నేలకు ఈ యుద్ధం దూరమైనది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే ఏడాది బర్మా నుండి వేలాది తెలుగువారు అడవుల గుండా కాలినడకన ఇంటిదారి పట్టారు. చిండిట్‌లు చొరబడినది ఆ అడవులలోకే.

ఆ దళాల సేనానులు రాసిన పుస్తకాలను, బెర్నార్డ్ ఫెర్గుసన్ 1945లో వెలువరించిన 'బియాండ్ ది చిండ్విన్'ను, జాన్ మాస్టర్స్ 1961లో వెలువరించిన 'ది రోడ్ పాస్ట్ మాండలే'ను మన్యం కథనాల పక్కన పెట్టి చదివితే మొదట కనిపించే తేడా వీరత్వపు పరిమాణంలో లేదు, వస్తువుల పరిమాణంలో ఉంది. ఆ పుస్తకాలలో కంచరగాడిదలు, మూపున మోసిన బరువు, నాని పాడైన పాదాలు, వైర్‌లెస్ పెట్టె, విమానం జారవిడిచే ఆహారం, నడవలేని క్షతగాత్రుని పల్లెలో వదలివేయవలసిన నిర్ణయం ప్రధాన కథావస్తువులు. వీరం అక్కడ ఈ వస్తువుల గుండానే వ్యక్తమవుతుంది. అవి సామ్రాజ్య సైన్యాధికారుల రచనలు. బర్మా పల్లెల ప్రజలు వాటిలో ఎక్కువగా నీడలుగానే ఉంటారు. ఆ లోపాన్ని ఎత్తిచూపడం తేలిక. అయినా అడవిలో దళం బతకడమే ఒక కథ అన్న గుర్తింపు వాటిలో ఉంది. మన్యం కథనాలలో సాధారణంగా కొరవడినది ఆ గుర్తింపే.

ఈ పోలికను జాగ్రత్తగా చేయాలి. చిండిట్‌లతో రాజు దళాన్ని పోల్చడం పైకి సహజంగా తోస్తుంది: రెండూ చిన్న దళాలు, రెండూ అడవిని ఆశ్రయించినవి, రెండూ ఆకస్మిక దాడిని నమ్మినవి. కాని గీత ఎక్కడ ఉన్నదని అడిగితే పోలిక తలకిందులవుతుంది. చిండిట్‌లు పరాయి అడవిలోకి వెళ్ళారు. వారి అన్నం ఆకాశం నుండి రావలసి వచ్చింది. గూడెం కొండలలో గాము గంటందొరకు, గాము మల్లుదొరకు అడవి పరాయిది కాదు, అది పొయ్యి ఉన్న చోటు. సుదూరం నుండి వచ్చి, దారి తెలియక, కూలీల వీపుల మీద సామగ్రి మోయించుకుంటూ, మన్యపు జ్వరానికి భయపడుతూ తిరిగినది ప్రభుత్వ బలగం. మాపిళ్ళ తిరుగుబాటు నేపథ్యంలో 1921లో ఏర్పడిన మలబారు స్పెషల్ పోలీసులను, ఆ తరువాత అస్సాం రైఫిల్స్‌ను మన్యంలోకి దింపారు. సమతలపు రిజర్వు పోలీసులు చేయలేని పనికి కొండలలో, అడవులలో తిరగడం అలవాటైన బలగాలను ఎంచుకున్నారు. చొరబాటు దళం అన్న పేరు సాంకేతికంగా చెల్లేది వీరికే. శత్రుభూమిలో ఉన్నవారు వీరు.

ఈ తలకిందులు గుర్తించినప్పుడు పోరాటానికి తక్షణ కారణంగా అన్ని కథనాలు చెప్పే రోడ్డు కొత్త అర్థంతో కనిపిస్తుంది. గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం-లంబసింగి రోడ్డు పనిలో గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. కథనాలు దీనిని దౌర్జన్యంగా, కొరడాగా, ఏడుపుగా చిత్రించాయి. దౌర్జన్యం నిజమే. కాని రోడ్డు కేవలం దౌర్జన్యానికి వేదిక కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు మీద, అటవీ ఫలాల మీద కట్టుబాట్లు బిగిశాయి. ముఠాదారుల పాతహక్కులు క్షీణించాయి. రోడ్డు వచ్చిందంటే కలప దిగిపోతుంది, తహసీల్దారు ఎక్కివస్తాడు, రేపు పోలీసు బండి కూడా ఎక్కివస్తుంది. ప్రభుత్వపు గీత కొండమీదికి పాకే మార్గం అది. కూలికి మోసపోయిన మనిషి తన ఇంటికి శత్రువు వచ్చే దారిని తానే కొట్టి చదును చేస్తున్నాడు. ఇంతటి విషాదవ్యంగ్యం చేతికి అందుబాటులో ఉండగా, కథనాలు కొరడా దెబ్బ దగ్గరే ఆగిపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక ఆయుధాల లెక్క. చింతపల్లి ఠాణాలో దళానికి 11 తుపాకులు, 5 కత్తులు, 1,390 గుండ్లు దొరికాయి. తీసుకుపోయిన వస్తువుల పట్టికను ఠాణా పుస్తకంలోనే రాసి రాజు సంతకం చేశాడు. మూడు ఠాణాలలో కలిపి 26 తుపాకులు చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొర విడుదలయ్యాడు. సంతకం ఘట్టం కథకులందరికీ ఇష్టమైనది. నాటకంలో, తెరమీద అది తప్పక చప్పట్లు రాబట్టే చోటు. కథకులు దానిని తెగువకు గుర్తుగా, ధర్మయుద్ధపు మర్యాదగా వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానం తప్పు కాదు, చాలదు. ఠాణా పుస్తకం ప్రభుత్వానికి ఆస్తి లెక్క. ఆ పుస్తకంలోనే, ఆ పద్ధతిలోనే నమోదు చేసి సంతకం పెట్టిన వ్యక్తి తాను దోపిడీదారుడను కానని, మరొక అధికారం తరఫున వస్తువులు స్వాధీనపరచుకుంటున్నానని ప్రకటిస్తున్నాడు. రికార్డులను చించివేసిన దాడిలోనే ఒక రికార్డును సృష్టించడం గమనార్హం. చించినదీ రాసినదీ కలిపి చదివితేనే ఆ చర్య పూర్తి అర్థం తెలుస్తుంది. కథనాలు రాసినదానిని ఎత్తి చూపినంతగా చించినదానిని చూపవు.

అంతకంటే ముఖ్యమైనది గుండ్ల పట్టిక సూచించే పరిమితి. 1,390 గుండ్లు వినడానికి పెద్ద సంఖ్య. 11 తుపాకులకు పంచితే ఒక్కొక్కదానికి 126 చొప్పున వస్తాయి. దళానికి కర్మాగారం లేదు, ఓడరేవు లేదు, విమానం లేదు. గుండ్లు అయిపోతే మళ్ళీ దొరికే చోటు మరొక ఠాణా మాత్రమే. మన్యం యుద్ధం మొత్తాన్ని నడిపించిన ఇరుసు ఇది. కూడళ్ళలోని విగ్రహాలలోనూ, వెండితెర మీదా రాజు చేతిలో విల్లంబులు స్థిరపడినందువల్ల ఈ ఇరుసు కనిపించకుండా పోయింది. బాణం అడవిలోని వెదురుతో ఎప్పుడైనా తయారవుతుంది, అయిపోదు. తుపాకీ గుండు అయిపోతుంది. విల్లు పట్టిన రాజు పురాణపురుషుడవుతాడు. గుండ్లు లెక్కపెట్టుకునే రాజు సేనాని అవుతాడు. తెలుగు కథనం మొదటివాడిని ఎంచుకుంది.

ఈ ఎంపిక ఫలితం అక్టోబరు దాడుల చిత్రణలో స్పష్టంగా కనిపిస్తుంది. 1922 అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం ఠాణాలపై దాడులు జరిగాయి. అడ్డతీగల దాడి ముందుగా కబురు పంపి చేసినది. రంపచోడవరం దాడి పట్టపగలు జరిగింది. జనం తండోపతండాలుగా వచ్చి రాజును దర్శించుకున్నారు. వీరగాథలో ఇవి శిఖరాలు. మిరపకాయ టపా అన్న అందమైన మాట ఈ ముందస్తు హెచ్చరిక చుట్టూనే పెరిగింది. ఆయుధాల లెక్కలో మాత్రం రెండు దాడుల ఫలితం శూన్యం. అధికారులు తుపాకులను, మందుగుండును ముందే దాచివేశారు, తరలించారు. ఆగస్టులో దళానికి ఆయుధాగారమైన ఠాణా అక్టోబరు నాటికి ఖాళీ కొట్టు అయింది. హెచ్చరించి దాడి చేయడం దళపు కీర్తిని పెంచింది, దాని ఆహారాన్ని తెంచింది. ప్రజలలో నమ్మకం కలిగించడం కూడా యుద్ధలక్ష్యమే కనుక రాజు నిర్ణయం అవివేకమని అనడానికి లేదు. కీర్తికి, గుండ్లకు మధ్య ఒక నాయకుడు పడిన సంఘర్షణ అది. నాటకకర్తకు, నవలాకారునికి ఇంతకంటే బలమైన వస్తువు అరుదు. కథనాలు దానిని సంఘర్షణగా కాక విజయపరంపరగా చూపి, ఆ వస్తువును చేజార్చుకున్నాయి.

దామనపల్లి ఘాటీ ఘట్టం ఇందుకు భిన్నమైన సమస్యను ముందుకు తెస్తుంది. 1922 సెప్టెంబరు 24న ఆ ఇరుకుదారిలో పొంచి ఉన్న దళం ముందు నడిచిన భారతీయ పోలీసులను కదలనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఇద్దరు తెల్లదొరలను కాల్చి చంపింది. రాజు భారతీయులను చంపకూడదన్న నియమం పాటించాడని, ఈ ఘట్టం దానికి నిదర్శనమని కథనాలు చెబుతాయి. యుద్ధశాస్త్ర దృష్టితో చూసేవారు అధికారులను తొలగిస్తే బలగం చెదురుతుందని, కింది పోలీసులలో పోరాడాలన్న పట్టుదల సడలుతుందని, గుండ్లు ఆదా అవుతాయని అంటారు. ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసిన అవసరం లేదు. ఒకే చర్యలో నీతి, నీతిశాస్త్రం కలిసిన అరుదైన క్షణం ఇది. కాని ఆ క్షణంలో అసలు కర్తలెవరు? పొదల వెనుక తుపాకీ ఎక్కుపెట్టి, తమ ముందు నుండి శత్రువుల వరుస ఒకరి వెంట ఒకరుగా నడిచిపోతుంటే, ఊపిరి బిగబట్టి, వేలు కదపకుండా ఉన్న కొండవాళ్ళు. ఒక్కరి చేయి తొందరపడినా పథకం చెడేది. ఎవరి చేయీ తొందరపడలేదు. కథనాలు ఈ నిగ్రహాన్ని నాయకుని ఆజ్ఞకు విధేయతగా మార్చి, పేరులేని యోధుల వీరాన్ని ఆయన ఖాతాలో జమచేశాయి.

దీనికి రసదృష్టి ప్రభావమే కారణమని ఒక సమాధానం వినవచ్చు. వీరరసానికి ఉత్సాహం స్థాయి గనుక, ఎదురెదురు నిలిచిన ఆలంబనాలు, ఉద్దీపనాలు కావాలి గనుక, పొదచాటు నిరీక్షణలో వీరం పండదని ఆ వాదం. భరతుని రసాధ్యాయాన్ని చూస్తే ఈ వాదం నిలవదు. వీరరస విభావాలలో భరతుడు బలపరాక్రమాల కంటే ముందే అసమ్మోహాన్ని, అధ్యవసాయాన్ని, నయాన్ని, వినయాన్ని పేర్కొన్నాడు. అనుభావాలలో స్థైర్యం, ధైర్యం, శౌర్యం, త్యాగం, వైశారద్యం ఉన్నాయి. నయమంటే ఉపాయజ్ఞానం. అసమ్మోహమంటే తడబడని తెలివి. స్థైర్యమంటే కదలకపోవడం. దామనపల్లి ఘాటీలో జరిగినది అక్షరాలా ఇదే. శాస్త్రం చెప్పిన వీరాన్ని తెలుగు వీరగాథ కుదించుకుంది. కుదింపునకు కారణం భరతుడు కాడు. మోహరించిన సేనలు, ద్వంద్వయుద్ధం, మాటకు మాట అన్న చట్రం మనకు పౌరాణిక నాటకం నుండి అలవాటైంది. పల్నాటి, బొబ్బిలి కథలకు ఆ చట్రం సరిపోయింది. గెరిల్లా యుద్ధాన్ని అందులో బిగించేసరికి కనబడని శత్రువుకు ఒక ముఖం, దూరానికి ఒక సంవాదం తగిలించవలసి వచ్చింది.

1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలో ఈ చట్రం బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కావడంతో కొండలకు, గుంపులకు, దారులకు తెరమీద మొదటిసారి తగిన వెడల్పు దక్కింది. భూమి స్వభావాన్ని చూపడంలో దానికి ముందు వచ్చిన రంగస్థల రూపాలేవీ దానికి సాటిరావు. త్రిపురనేని మహారథి సంభాషణలు, విశాఖలో పుట్టిన శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిన గీతం ఒక తరానికి మన్యం పోరాటాన్ని కంఠస్థం చేయించాయి. ప్రతినాయక స్థానంలో మాత్రం జగ్గయ్య ధరించిన రూథర్‌ఫర్డ్ పాత్ర నిలిచింది. రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా నియమితుడైనది 1924 ఏప్రిల్‌లో. రాజు మరణించినది మే 7న. ఇద్దరి మధ్య చారిత్రకంగా ఉన్న కాలం మూడు వారాలు. అంతకుముందు ఇరవై నెలలు రాజు పోరాడిన శత్రువుకు ముఖం లేదు. అది ఠాణాల గొలుసు, రేషను బండ్లు, ఊరి మీద వేసిన జరిమానా, దారి చూపించే గూఢచారి. చిత్రానికి ముఖం అవసరం. రేషను పట్టికలు చూపలేదని సినిమాను తప్పుపట్టడం హాస్యాస్పదమే అవుతుంది. అయితే ద్వంద్వయుద్ధంగా మారిన తరువాత కథకు నాయకుని మరణంతోనే ముగింపు కుదురుతుంది. మన్యం యుద్ధం ఆ రోజున ముగియలేదు.

బుర్రకథ స్థితి కొంత వేరు. కథకునికి ఇరువైపులా నిలిచే వంతలలో రాజకీయ వంత వ్యాఖ్యానానికి, హాస్య వంత ప్రశ్నకు చోటు కల్పిస్తారు. తినడానికేముంది, తుపాకులెక్కడివి అని అడగగలిగినవాడు హాస్య వంత. వీరావేశం మధ్యలో కడుపు సంగతి ఎత్తే హక్కు ఆ రూపం అతనికి ఇచ్చింది. ఇంతటి వెసులుబాటు నాటకానికి గాని, పద్యకావ్యానికి గాని లేదు. ప్రదర్శనలలో ఆ హక్కు ఎంతవరకు వినియోగమైనదో స్థానిక కథకుల పాఠాలను సేకరించి పరిశీలించవలసిన అంశం. ఉత్తరాంధ్రలోనే మరో కథారూపం, జముకుల కథ, సుబ్బారావు పాణిగ్రాహి చేతిలో శ్రీకాకుళ పోరాటానికి గొంతు అయింది. విప్లవ రచయితల సంఘం 1970లో ఏర్పడినది రాజు జన్మదినంగా జరుపుకునే జులై 4ననే. విశాఖలో జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి సభలో విద్యార్థులు రచయితలను నిలదీసిన కరపత్రం ఆ సంఘావిర్భావానికి నాంది. ఆ తరువాతి అడవి పోరాట సాహిత్యం, సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవలతో సహా, నాయకుని చుట్టూ ఉన్న సమూహాన్ని కథలోకి తేవాలన్న స్పృహతో వచ్చింది. ఆ స్పృహ వెనుకకు ప్రయాణించి మన్యం కథను తిరగరాయకపోవడం తెలుగు నవలలో మిగిలిపోయిన ఖాళీ.

ఆ ఖాళీ పరిమాణం తెలియాలంటే పెద్దగడ్డపాలెం వద్ద ఆగాలి. 1922 డిసెంబరు 6న అక్కడి వరిచేలలో ప్రభుత్వ బలగానికి, దళానికి మధ్య పోరు జరిగింది. నలుగురు యోధులు మరణించారు. ఆ రాత్రి మళ్ళీ జరిగిన దాడిలో మరో ఎనిమిది మంది మరణించారు. వరిచేలలో అన్న మాట ముఖ్యం. చెట్టు చాటు లేదు, బండ చాటు లేదు, చదునైన నేల. మూడు నెలల పాటు శత్రువును తన నేలమీదికి రప్పించిన దళం ఆ రోజు శత్రువు కోరే నేలమీద దొరికింది. మందుగుండు తరగడం, ఆధునిక ఆయుధాల ముందు చదునులో నిలవవలసి రావడం, అక్టోబరు ఠాణాల ఖాళీతనం ఒక వరుసలో పెట్టి చూస్తే డిసెంబరు ఓటమి హఠాత్తుగా వచ్చినది కాదు. కథనాలలో అది హఠాత్తుగానే వస్తుంది, వేగంగానే దాటిపోతుంది. ఆ తరువాత దాదాపు నాలుగు నెలలు దళం కనిపించదు. 1923 ఏప్రిల్ 17న రాజు అన్నవరంలో ప్రత్యక్షమయ్యేవరకు ఉన్న మౌనాన్ని కథకులు ఒక వాక్యంతో దాటుతారు. యుద్ధంలో ఎక్కువ భాగం ఆ మౌనమే. గెరిల్లా దళానికి కనిపించకపోవడమే బతుకు. కనిపించకపోవడాన్ని కథగా చెప్పడం కష్టమే. మంచి కథకుడు కష్టపడవలసిన చోటు కూడా అదే.

ఆ నెలలలో దళం ఎవరి ఇంటి అంబలి తాగింది? ప్రభుత్వం ఊళ్ళ మీద ఒత్తిడి పెంచినప్పుడు ఏ ఊరు ఎంతకాలం నోరు మెదపకుండా ఉంది? ఏ ఊరు, ఏ భయంతో, నోరు విప్పింది? ఇవి యుద్ధతంత్రపు ప్రశ్నలుగా మొదలై పల్లె సామాజిక చరిత్రలోకి దారితీస్తాయి. సైనిక దృష్టితో చదివితే ఉద్యమపు సామాజిక సారం మరుగున పడుతుందని కొందరు శంకించవచ్చు. ఫలితం అందుకు విరుద్ధంగా ఉంటుంది. నాయకుని ఉపన్యాసం దగ్గర ఆగే పఠనంలో గిరిజనుడు శ్రోత మాత్రమే. తిండి, దారి, కబురు అన్న మూడింటి వెంట వెళ్ళే పఠనంలో అతడు, ఆమె కర్తలవుతారు. ముఠాదారు తన ముఠాలో ధాన్యం కూడగట్టగలిగినవాడు గనుకనే తిరుగుబాటులో అతని స్థానం కీలకమైంది. హక్కులు పోయిన ముఠాదారు కోపానికి, దళపు అన్నానికి మధ్య ఉన్న ఈ ముడిని విప్పకుండా గాము సోదరులు దళంలో ఎందుకంత ముఖ్యులయ్యారో వివరించడం సాధ్యం కాదు. కథనాలు వారిని విశ్వాసపాత్రులైన అనుచరులుగా చూపి ఊరుకున్నాయి. హనుమంతుని పోలిక వారికి గౌరవమే కావచ్చు. కాని హనుమంతునికి సొంత భూమి తగాదా లేదు.

మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. అండమాను జైలుకు వెళ్ళాడు. బతికి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఠాణాల మీదికి వెళ్ళిన దళంలోని మనిషి అదే జిల్లా తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. కావ్యానికి గాని, నవలకు గాని, చలనచిత్రానికి గాని ఇది ముగింపుగా తోచకపోవడం విచిత్రం. గంటందొర సంగతి ఇంకా క్లుప్తం. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును కాల్చి చంపిన తరువాత, కృష్ణదేవిపేటలో సమాధి కట్టిన తరువాత, నాయకుడు లేడని, గుండ్లు లేవని, చుట్టూ అస్సాం రైఫిల్స్ ఉన్నాయని తెలిసీ అతడు అడవి విడవలేదు. జూన్ 7న చంపబడేవరకు పోరాడుతూనే ఉన్నాడు. సరిగ్గా ఒక నెల. రాజు కథగా చెప్పినప్పుడు ఆ నెల కథ తరువాతి మాట. మన్యం యుద్ధంగా చెప్పినప్పుడు అది చివరి అధ్యాయం. ఆ అధ్యాయంలో ఉపన్యాసం లేదు, టపా లేదు, దర్శనానికి వచ్చిన జనం లేరు. ఉన్నవి అడవి, తరిగిపోయిన తూటాలు, తిండి పెట్టగలిగిన రెండు మూడు పల్లెలు, వాటి చుట్టూ బిగుస్తున్న పహరా.